రాయబారము – దానిని వినే చెవి
(పునరుత్పత్తి హార్మోనుల గ్రాహకాలపై ఒక పరిశీలన)

హార్మోను అనే మాటకు వయస్సు సుమారు నూట ఇరవై ఏండ్లు మాత్రమే. 1905లో ఇంగ్లండులో శరీరధర్మ శాస్త్రాచార్యుడైన ఎర్నెస్ట్ స్టార్లింగ్ తన ఉపన్యాసాలలో దానిని వాడుకలోకి తెచ్చినాడు. మూలము గ్రీకు, 'పురికొల్పునది' అని అర్థము. ఒక అవయవములో పుట్టి, రక్తములో కలిసి, దూరానగల మరొక అవయవాన్ని పనికి పురికొల్పే రసాయన ద్రవ్యము హార్మోను.

మన పాఠ్యగ్రంథాలు చాలవరకు ఇక్కడనే ఆగిపోతాయి. ఫలానా గ్రంథి, ఫలానా హార్మోను, ఫలానా పని అని మూడు గడుల పట్టిక వేసి చూపుతాయి. విద్యార్థి ఆ పట్టికను వల్లించి మార్కులు తెచ్చుకొంటాడు. పురికొల్పేవానిని గూర్చి ఇంత చెప్పి, పురికొల్పబడేవానిని ఒక్క వాక్యముతో సరిపెట్టుట మాకు వింతగానే తోచినది. మాది తెలుగు శాఖ. బి.ఎస్‌సి. విద్యార్థులు పారిభాషిక పదాలకు అర్థము చెప్పుమని మా వద్దకు వస్తూ ఉంటారు. గ్రాహకము, అనులేఖనము, అభివ్యక్తి అనే మాటలను వారికి విప్పి చెప్పే ప్రయత్నములో, జంతుశాస్త్ర శాఖలోని మిత్రుల సాయముతో చదువుకొన్నదే ఈ వ్యాసానికి ఆధారము.

సాహిత్య విద్యార్థులకు రాయబారము కొత్త కాదు. తిరుపతి వేంకట కవుల నాటకము చూచిన ప్రతివారికి తెలుసు, శ్రీకృష్ణుని కంటె సమర్థుడైన రాయబారి వేరొకడు లేడు. అయినా కౌరవ సభలో ఆయన మాట చెల్లలేదు. దమయంతి వద్దకు వెళ్లిన హంస రాయబారము మాత్రము ఫలించినది. ఏలనన, హంస రాకముందే ఆమె నలుని గుణగణాలు విని, ఆ మాట కోసము చెవి ఒగ్గి ఉన్నది. ఉర్దూ గజలులోని కాసిద్ పరిస్థితియు ఇంతే. అతడు ఎంత వేగముగా పోయినా, చేరవలసిన చేయి ఆ లేఖను విప్పకపోతే అతని ప్రయాణము వృథా.

శరీరములో లేఖను విప్పే ఆ చేతికి గ్రాహకము అని పేరు. అది కణపు పైపొరలో గాని కణము లోపల గాని ఉండే ఒక ప్రోటీను. తనకు సరిపోయే హార్మోనును పట్టుకొని, వార్తను లోపలికి చేరవేస్తుంది. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఒక్కటే. ఈ గ్రాహకాలు పుట్టుకతో వచ్చి కదలక నిలిచి ఉండేవి కావు. ఏ కణానికి, ఏ ఘడియలో, ఎన్ని గ్రాహకాలు ఉండవలెనో శరీరము ఎప్పటికప్పుడు నిర్ణయిస్తున్నది. ఆ నిర్ణయము కూడ వార్తల ద్వారానే జరుగుతున్నది. అనగా వచ్చిన వార్త రాబోయే వార్తకు చెవిని తయారు చేస్తున్నది.

ముందుగా చెవి లేనప్పుడు ఏమవుతుందో చూతము. ఫిన్లండు దేశములో కొందరు యువతులకు అండాశయాలు పనిచేయక, సంతానము కలుగలేదు. అండాశయములోని పుటికలను పెంచే హార్మోను పీయూష గ్రంథి నుండి వస్తుంది, దానిని ఎఫ్.ఎస్.హెచ్. అంటారు. పట్టికను నమ్మినవారు ఈ యువతులలో ఆ హార్మోను కొరవడినదని అనుకొంటారు. నిజానికి వారి రక్తములో అది ఉండవలసినదాని కంటె చాల ఎక్కువగా ఉన్నది. 1995లో ఆ దేశపు శాస్త్రజ్ఞులు కారణము కనుగొన్నారు. లోపము హార్మోనులో లేదు, దాని గ్రాహకములో ఉన్నది. ఆ ప్రోటీనులో 189వ స్థానాన ఉండవలసిన అలనిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు వాలిన్ వచ్చి కూర్చున్నది. అంత చిన్న మార్పుతో గ్రాహకము సరిగా ముడుచుకొనక, కణపు పైపొరకు తగినంతగా చేరలేకపోయినది. తల్లి నుండి, తండ్రి నుండి కూడ ఆ లోపమే సంక్రమించిన సంతానములోనే వ్యాధి బయటపడినది. అండాశయము నుండి బదులు రాకపోయేసరికి పీయూష గ్రంథి తన కేకను ఇంకా ఇంకా పెంచినది. రక్తపరీక్షలో కనిపించిన పెద్ద అంకె ఆ కేక.

మన రెండు భాషలలోను సంతానము లేని స్త్రీని పిలిచే మాటలు ఉన్నవి. తెలుగులో గొడ్రాలు, ఉర్దూలో బాంఝ్. నిఘంటువులో అవి నామవాచకాలు; ఇంటిలో అవి శిక్షలు. ఈ మాటలకు పుంలింగ రూపము వాడుకలో దాదాపు వినిపించదని భాషా విద్యార్థులు గమనించే ఉంటారు. సంతానము లేని జంటలలో దాదాపు సగమందిలో పురుషుని వైపు కారణము కూడ కలిసి ఉంటుందని వైద్యులు చెప్పుచుండగా, భాష మాత్రము నేరమును ఒకరి మీదనే మోపినది. ఒక్క అమైనో ఆమ్లము తారుమారగుట వలన కలిగిన దానికి ఎవరిని నిందించగలము?

ఇక అసలు విషయానికి వత్తము. మన శరీరములో కేంద్రకము ఉన్న కణాలన్నింటిలోను దాదాపు ఒకే జన్యు గ్రంథము ఉన్నది. ప్రోటీనుల తయారీకి ఆధారమైన జన్యువులు అందులో సుమారు 20,000. కంటిలోని కణములోను ఎఫ్.ఎస్.హెచ్. గ్రాహకపు జన్యువు ఉన్నది; కాని కన్ను ఆ హార్మోనును వినదు. గ్రంథము అందరి ఇంటను ఉన్నది. ఏ ఇంట ఏ పుట తెరువబడినదన్నది ప్రశ్న. పుట తెరిచి, అందులోని వాక్యాన్ని ఆర్.ఎన్.ఏ. రూపములో ఎత్తి వ్రాసుకొనుటకు అనులేఖనము అని, ఆ ప్రతిని చదివి ప్రోటీనుగా కూర్చుటకు అనువాదము అని మన శాస్త్ర గ్రంథాలు పేరు పెట్టినవి. మా వృత్తిలోని మాటలు జీవకణములోనికి పోయి ఇంత చక్కగా కుదురుకొనుట మాకు ముచ్చటగా ఉన్నది. ఈ మొత్తము వ్యవహారానికి జన్యు అభివ్యక్తి అని పేరు. అలంకార శాస్త్రము చదివినవారికి ఆ మాట బరువు తెలుసు. ఉన్నది వేరు, వ్యక్తమగుట వేరు.

గ్రాహకపు జన్యువు వ్యక్తమగుటకు ఆజ్ఞ ఎక్కడి నుండి వస్తున్నది? దీనికి అండపుటిక కంటె మంచి ఉదాహరణము లేదు. పుటిక అనగా అండమును చుట్టి ఉన్న కణాల సంచి. లోపలి వరుసలలోని కణాలకు గ్రాన్యులోసా కణాలని పేరు. నెల మొదట అనేక పుటికలు ఒకేసారి పెరుగుట ప్రారంభిస్తాయి. ఆ దశలో గ్రాన్యులోసా కణాలకు ఎఫ్.ఎస్.హెచ్. గ్రాహకాలు ఉంటాయి. పీయూష గ్రంథి నుండి వచ్చే మరొక హార్మోను ఎల్.హెచ్.కు మాత్రము ఆ కణాలలో గ్రాహకాలు దాదాపు ఉండవు. ఎల్.హెచ్. రక్తములో తిరుగుతున్నా ఆ కణాలకు వినబడదు.

ఎఫ్.ఎస్.హెచ్. వచ్చి తన గ్రాహకమును పట్టుకొంటుంది. తాను మాత్రము లోపలికి వార్తను మోసుకొనిపోదు, గడప వద్దనే ఆగుతుంది. గ్రాహకము కొంచెము ఆకారము మార్చుకొని, పైపొర లోపలి అంచున ఉన్న జి ప్రోటీనును తట్టుతుంది. జి ప్రోటీను ఎడెనైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైము ఏ.టి.పి. నుండి సైక్లిక్ ఏ.ఎం.పి. అనే చిన్న అణువులను వేగముగా తయారు చేస్తుంది. హార్మోను మొదటి దూత అయితే ఇది రెండవ దూత. 1950ల చివర దీనిని కనుగొన్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లోను, జి ప్రోటీనులను కనుగొన్న గిల్మన్, రాడ్‌బెల్‌లకు 1994లోను, ఈ జాతి గ్రాహకాల నిర్మాణ స్వభావాలను వివరించిన లెఫ్కోవిట్జ్, కొబిల్కాలకు 2012లోను నోబెల్ బహుమతులు వచ్చినవి. ఈ ఒక్క దారిలో ఇన్ని బహుమతులు! ఈ రెండవ దూతకు ముడిసరుకైన ఏ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకడు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేసినాడు. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొన్నాడు. సుబ్బారావుకు నోబెల్ రాలేదు. మన విద్యార్థులు ఆ పేరును మరువరాదని మా కోరిక.

సైక్లిక్ ఏ.ఎం.పి. ప్రోటీన్ కైనేజ్-ఎ అనే ఎంజైమును బంధవిముక్తము చేస్తుంది. ఈ ఎంజైము చేసే పని ఇతర ప్రోటీనులకు ఫాస్ఫేటును అతికించుట. మన కచేరీలలో కాగితానికి ముద్ర పడనిదే అది కదలనట్లు, కణములోను ఫాస్ఫేటు ముద్ర పడితే గాని అనేక ప్రోటీనులు పనికి దిగవు. కొన్ని ఆ ముద్ర పడిన వెంటనే పని మానుకొంటాయి. కేంద్రకములో క్రెబ్ అనే ప్రోటీను ఉన్నది. దానికి 133వ స్థానమున ముద్ర పడగానే అది కొన్ని జన్యువుల ముంగిట నిలిచి, అనులేఖన యంత్రాంగమును పిలుస్తుంది. ఈస్ట్రోజను తయారీకి కావలసిన ఎరోమటేజ్ ఎంజైము జన్యువు మేల్కొనుటలో దీనికి పాత్ర ఉన్నది. ఎఫ్.ఎస్.హెచ్. నుండి బయలుదేరే దారి ఇది ఒక్కటే కాదు. పి.ఐ.3 కైనేజ్ మీదుగా పోయేది మరొకటి ఉన్నది. రెండును కలిసి పనిచేస్తాయి. ఈ దారుల కలయికచేత, ఈస్ట్రోజను తోడ్పాటుతో, అంతవరకు మూతపడి ఉన్న ఎల్.హెచ్. గ్రాహకపు జన్యువు వ్యక్తమగుట మొదలిడుతుంది.

'మూతపడి' అని మేము ఊరక అనలేదు. డి.ఎన్.ఏ. పోగు హిస్టోనులనే ప్రోటీనుల చుట్టు చుట్టబడి ఉంటుంది. ఎల్.హెచ్. గ్రాహకపు జన్యువు ముంగిట కొన్ని ఎంజైములు చేరి, హిస్టోనుల మీది ఎసిటైల్ గుర్తులను తొలగించి, ఆ చుట్టను బిగువుగా ఉంచుతాయి. బిగిసిన చుట్టలోని పుటను చదువుటకు వీలు లేదు. ఆ కాపలా తొలగినప్పుడే పుట తెరుచుకొంటుంది. ఒక జన్యువు పనిచేయకుండుట ఊరక నిద్రించుట కాదు. అది కొన్నిసార్లు శ్రద్ధతో కాపాడబడుచున్న మౌనము.

దీని ఫలము చూడుడు. కొన్ని దినాలకు ఈస్ట్రోజను, ఇన్‌హిబిన్ పెరిగి పీయూష గ్రంథిని తగ్గుమంటాయి. ఎఫ్.ఎస్.హెచ్. తగ్గుతుంది. ఆ హార్మోనునే నమ్ముకొని ఉన్న పుటికలు ఒక్కొక్కటిగా క్షీణిస్తాయి. సుమారు 10 మిల్లీమీటర్లకు పెరిగిన పుటిక ఒకటి మాత్రము అప్పటికే ఎల్.హెచ్. గ్రాహకాలను సంపాదించుకొన్నది. రెండు హార్మోనులును లోపల సైక్లిక్ ఏ.ఎం.పి.నే పెంచుతాయి గనుక, ఒకటి తగ్గినప్పుడు రెండవదానితో అది నిలద్రొక్కుకొంటుంది. రక్తములోని వార్త అన్ని పుటికలకు ఒక్కటే. బ్రతుకు, చావు నిర్ణయించినది వినగల శక్తి. ఈ రెండు గ్రాహకాల జన్యువులు మానవునిలో 2వ క్రోమోజోము మీద ఇరుగు పొరుగున ఉన్నవి. అంత దగ్గర ఉన్నను ఒకటి తెరుచుకొన్నప్పుడు రెండవది మూసి ఉండగలదు.

నెల నడుమ ఎల్.హెచ్. ఒక్కసారిగా వెల్లువెత్తుతుంది. ఆ వెల్లువ మొదలైన సుమారు 36 గంటలకు అండము విడుదల అవుతుంది. ఈ మధ్యకాలములో కణము లోపల జరిగేది మాకు అన్నింటి కంటె ఆశ్చర్యకరముగా ఉన్నది. వెల్లువను విన్న కణము ఆ వినిన చెవిని తానే మూసుకొంటుంది! పైపొర మీది గ్రాహకాలు తగ్గుతాయి. అంతటితో ఆగక, ఎల్.హెచ్. గ్రాహకానికి చెందిన ఆర్.ఎన్.ఏ. ప్రతులు కూడ నాశనమవుతాయి. ఎలుకల అండాశయాల మీద అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయములో మేనన్ బృందము చేసిన పరిశోధనలలో, ఒక ప్రోటీను ఆ ప్రతులకు అంటుకొని వాటి నాశనాన్ని త్వరపరుస్తున్నట్లు తేలినది. ఆ ప్రోటీను ఎవరో కాదు, కొలెస్టరాల్ తయారీలో పనిచేసే మెవలోనేట్ కైనేజ్. ఒక ఎంజైము పగలు వంటశాలలో పనిచేసి, రాత్రి వ్రాతప్రతులను చింపే పనికి పోయినట్లున్నది. కనుక జన్యు అభివ్యక్తి అదుపు పుట తెరుచుట వద్దనే ముగియదు. ఎత్తి వ్రాసుకొన్న ప్రతి ఎంతకాలము నిలువవలెనన్నది కూడ సంకేతాల అధీనమే.

అదే వెల్లువ మరొక పుటను తెరుస్తుంది. గ్రాన్యులోసా కణాలలో ప్రొజెస్టిరోన్ గ్రాహకపు జన్యువు ఈ ఘడియలోనే మేల్కొంటుంది. 1995లో ఆ జన్యువును తొలగించిన ఆడ చుంచెలుకలలో అండము విడుదల కాలేదు. అటు పిమ్మట పగిలిన పుటిక పీతదేహముగా మారినప్పుడు ఎల్.హెచ్. గ్రాహకాలు మరల వస్తాయి. గర్భము నిలిస్తే పిండము నుండి వచ్చే హెచ్.సి.జి. హార్మోను ఆ గ్రాహకాలనే పట్టుకొని పీతదేహమును కాపాడుతుంది.

ఎడతెగని మాట వినబడకుండ పోవుటకు మరొక నిదర్శనము పీయూష గ్రంథిలోనే ఉన్నది. హైపోథలామస్ నుండి దానికి జి.ఎన్.ఆర్.హెచ్. అనే పది అమైనో ఆమ్లాల హార్మోను వస్తుంది. దాని నిర్మాణము 1971లో తెలిసినది. ఆ కృషికి గియ్మాన్, షాలీలకు 1977లో నోబెల్ బహుమతి లభించినది. 1978లో ఎర్నెస్ట్ నోబిల్ బృందము రీసస్ కోతులలో ఆ హార్మోను సహజముగా రాకుండ చేసి, బయటినుండి ఇచ్చి చూచినది. గంటకొకసారి కొద్ది నిమిషాలు ఇచ్చినప్పుడు ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. చక్కగా వచ్చినవి. విడువక ధారగా ఇచ్చినప్పుడు రెండును పడిపోయినవి. ఇక్కడ లోపలి దారి వేరు; కాల్షియము, ప్రోటీన్ కైనేజ్-సి, మ్యాప్ కైనేజుల వరుస. తగిన విరామముతో వచ్చే స్పందనలు ఈ దారి గుండా జి.ఎన్.ఆర్.హెచ్. గ్రాహకపు జన్యువునే పెంచుతాయి. స్పందనలు వడివడిగా వస్తే ఎల్.హెచ్. జన్యువు, నిదానముగా వస్తే ఎఫ్.ఎస్.హెచ్. జన్యువు ఎక్కువగా వ్యక్తమవుతాయి. పద్యములో అక్షరాలు అవే, యతిస్థానము మారితే నడక మారినట్లు! ఈ గుణాన్నే వైద్యులు వాడుకొంటున్నారు. అకాల యౌవనము వచ్చిన పిల్లలకు, ప్రోస్టేటు క్యాన్సరు రోగులకు ఇదే జాతి మందును ఎడతెగకుండ ఇచ్చి పీయూష గ్రంథిని చెవిటిదానిని చేస్తారు.

ఈస్ట్రోజను, ప్రొజెస్టిరోన్ మాత్రము గడప వద్ద ఆగవు. కొవ్వులో కరిగే స్వభావము గలవి గనుక కణము లోపలికి పోయి అక్కడి గ్రాహకాలను కలుసుకొంటాయి; ఆ గ్రాహకాలే జన్యువుల మీద వాలుతాయి. గర్భాశయములో ఈస్ట్రోజను ముందుగా వచ్చి ప్రొజెస్టిరోన్ గ్రాహకపు జన్యువును తెరుస్తుంది. తరువాత వచ్చిన ప్రొజెస్టిరోన్ ఈస్ట్రోజను గ్రాహకాలను తగ్గిస్తుంది, తన గ్రాహకాలను కూడ తగ్గించుకొంటుంది. రొమ్ము క్యాన్సరు వచ్చిన స్త్రీ కణితి నుండి తీసిన ముక్కలో ఈ రెండు గ్రాహకాల కోసము పరీక్ష చేయుట ఇందువలననే. ఈస్ట్రోజను గ్రాహకము ఉంటే టామోక్సిఫెన్ వంటి మందు పనిచేయుటకు ఆశ ఉన్నది. ప్రొజెస్టిరోన్ గ్రాహకము కూడ కనిపిస్తే మొదటిది నిజముగా పనిచేస్తున్నదని సాక్ష్యము దొరికినట్లే. ఆ పరీక్ష అక్కరలేని ఖర్చు అని ఇంటివారు తలచరాదు. మందును ఎన్నుకొనుటకు అదే ఆధారము.

కృత్రిమ గర్భధారణ వైద్యమంతయు ఈ గ్రాహకాల క్రమము మీదనే నడుస్తున్నది. ముందు ఎఫ్.ఎస్.హెచ్. సూదులు ఇచ్చి పుటికలను పెంచి, వాటిలో ఎల్.హెచ్. గ్రాహకాలు ఏర్పడిన పిదప హెచ్.సి.జి. ఇచ్చి, 34 నుండి 36 గంటలకు అండాలను తీస్తారు. 1978 అక్టోబరు 3న కలకత్తాలో 'దుర్గ' జననానికి కారకుడైన డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కూడ అండాశయమును హార్మోనులతో ప్రేరేపించిన తరువాతనే అండాలను తీసినాడు. నాటి ప్రభుత్వము నియమించిన సంఘము ఆయన మాటను అంగీకరించలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకొన్నాడు. అనంతరము ఆయన వ్రాతప్రతులు చదివి, ఆ ఘనత ఆయనదే అని 1997లో చాటినవాడు ఆనంద కుమార్. భారతదేశములో మొదటి పరీక్షనాళిక శిశువు కీర్తి అంతవరకు ఆయన సొంత బృందానికే దక్కి ఉండినది.

సంతానము కోసము వైద్యుని వద్దకు పోయిన దంపతుల చేతికి వచ్చే రక్తపరీక్ష కాగితము మీద ఉండే అంకెలన్నియు రాయబారుల లెక్క. ఎఫ్.ఎస్.హెచ్. ఎక్కువగా ఉన్నదని వ్రాసి ఉంటే, అండాశయములో పుటికలు అడుగంటినవని అర్థము కావచ్చును. అరుదుగా, పుటికలు ఉండి కూడ వినుట లేదని అర్థము కావచ్చును. ఫిన్లండు యువతులలో ఉన్నది ఈ రెండవదే; వారి అండాశయాలలో పెరుగని చిన్న పుటికలు కనిపించినవి. ఒక్క అంకెను చూచి తీర్పు చెప్పుటకు వీలు లేదు గనుకనే వైద్యులు స్కానింగు కోరుతారు, భర్తకు కూడ పరీక్ష వ్రాస్తారు.

ఆ ఫిన్లండు కుటుంబాలలోనే, అదే లోపము తల్లిదండ్రులిరువురి నుండి సంక్రమించిన ఐదుగురు పురుషులను 1997లో పరిశీలించినారు. వారిలో శుక్రకణాల ఉత్పత్తి వివిధ స్థాయిలలో తగ్గి ఉన్నది గాని, ఎవరిలోను పూర్తిగా నిలిచిపోలేదు. కొందరు తండ్రులు కూడ అయినారు.